క్రాస్ స్టిచ్: కుట్టిన గుడ్డ వస్తువయ్యే దాకా

గుడ్డ నేతలోని గడులు లెక్కపెట్టుకుంటూ, గడికొక గుణకారం గుర్తు చొప్పున రెండు ఏటవాలు కుట్లు వేసి బొమ్మను నింపే కుట్టుపనిని క్రాస్ స్టిచ్ అంటారు. ఆఖరి గడి నిండి, దారం తెంపి, సూది పక్కన పెట్టాక చేయవలసిన పనులు ఈ వ్యాసానికి విషయం. గుడ్డను ఉతికి, ఇస్త్రీ చేసి, అట్టకు బిగించడమో, దిండుగా కుట్టడమో, గోడకు వేలాడదీయడమో, పెట్టె మూతకు అమర్చడమో, మొత్తం మీద దాన్ని ఒక వస్తువుగా నిలబెట్టే పనులన్నిటికీ కలిపి 'ఫినిషింగ్' అని పేరు. తెలుగు ఇళ్లలోనూ, టైలరింగు నేర్పే చోట్లా ఇదే మాట నడుస్తోంది.

నెలల తరబడి కుట్టిన గుడ్డ రెండు మూడు రోజుల పనికి నోచుకోక, బీరువాలో చీరల మడతల మధ్య ఏళ్లపాటు ఉండిపోవడం కుట్టేవాళ్లకు కొత్త కాదు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. గడులు లెక్కపెట్టి కుట్టడం ఒక విద్య, అట్ట కోసి గుడ్డను వంకర పోకుండా బిగించడం ఇంకొక విద్య. మొదటిది నేర్చినవాళ్లకు రెండోది దానంతట అదే రాదు. బొమ్మను గడులుగా గీసి చూపే చార్టుల పుస్తకాలు కూడా మొదటిదాన్ని గడి గడికీ చూపించి, రెండోదాన్ని చివరి పేజీలో నాలుగు ముక్కల్లో ముగిస్తాయి. కుట్టిన పని ఎంతకాలం బతుకుతుందన్నది మాత్రం చాలావరకు ఈ రెండో విద్య మీదే ఆధారపడి ఉంటుంది.

వస్తువు ముందు, కుట్టు తరువాత

క్రాస్ స్టిచ్‌కు పుట్టినప్పటి నుంచీ ఫినిషింగ్ అనే బెడద లేదు. ఒకప్పుడు వస్తువు ముందు ఉండేది, కుట్టు దాని మీదికి వచ్చేది. ఉత్తర కర్ణాటకలోని కసూతిని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. కసూతిలో గవంతి, ముర్గి, నేగి, మెంతి అని నాలుగు రకాల కుట్లు ఉన్నాయి. వాటిలో మెంతి అచ్చంగా క్రాస్ స్టిచ్చే; ఆ పేరు మెంతులను బట్టి వచ్చింది. ఇల్కల్ చీర కొంగు మీద ఏనుగు అంబారీనో, గోపురాన్నో, తులసికోటనో కుట్టి సూది తీసేస్తే పని అయిపోయినట్టే. చీరే వస్తువు కాబట్టి ఇక అమర్చవలసింది ఏమీ మిగలదు.

ఉక్రెయిన్‌లో రుష్నిక్ అనే పొడవాటి తువాలుదీ ఇదే దారి. రెండు కొసల మీద కుట్టి, ఇంట్లో పూజాపటం చుట్టూ దాన్ని వేలాడదీస్తారు. పెళ్లిలో వధూవరుల చేతులు దానితో కడతారు. పాలస్తీనా స్త్రీల తత్రీజ్ కూడా తోబ్ అనే నిలువుటంగీ మీద పుట్టిన కుట్టు. 2021లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తత్రీజ్‌లో మన విషయానికి బాగా పనికొచ్చే ఒక అలవాటు ఉంది. ఛాతీ మీది కుట్టు పలకను విడి గుడ్డ మీద కుట్టి అంగీకి అతికేవారు. అంగీ చిరిగిపోతే ఆ పలకను కుట్లు విప్పి తీసి, కొత్త అంగీకి మళ్లీ కుట్టుకునేవారు. అంగీ పోయినా కుట్టు నిలిచింది. ఎందుకంటే దాన్ని బిగించింది దారంతో.

ఇంగ్లండులో సాంప్లర్ల కథ వేరు. కుట్టు నమూనాల గుడ్డను సాంప్లర్ అంటారు. మొదట్లో అది గోడకు తగిలించే వస్తువు కాదు. పొడవాటి సన్నని గుడ్డ మీద రకరకాల నమూనాలు కుట్టుకుని, చుట్టచుట్టి దాచుకుని, కావలసినప్పుడు విప్పి చూసుకునేవారు. తేదీ ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో ఇప్పటిదాకా తెలిసిన వాటిలో పాతది జేన్ బోస్టాక్ అనే ఆమె 1598లో కుట్టినది. 1596లో పుట్టిన ఆలిస్ లీ అనే పాప పుట్టుకను తలుచుకుంటూ కుట్టిన ఆ గుడ్డ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. క్రాస్ స్టిచ్ అందులోని అనేక కుట్లలో ఒకటి. పద్దెనిమిదో శతాబ్దికి వచ్చేసరికి సాంప్లర్ పొట్టిదై, చదరమై, చుట్టూ అంచు తెచ్చుకుని, అక్షరమాలతోనూ ఇంటి బొమ్మతోనూ చట్రంలోకి ఎక్కింది. కుట్టు గోడ మీది పటంగా మారిన మలుపు అది. చట్రం అవసరమూ అక్కడే మొదలైంది.

కుట్టినవాళ్లు వేరు, అమర్చినవాళ్లు వేరు అనడానికి ఆక్స్‌బరో తెరలు గొప్ప ఉదాహరణ. స్కాట్లండు రాణి మేరీ 1568లో ఇంగ్లండుకు పారిపోయి వచ్చి, 1587లో శిరచ్ఛేదం దాకా బందీగానే ఉంది. ఆ ఏళ్లలో ఆమె, ఆమెను కాపలా కాసిన ష్రూస్‌బరీ ప్రభువు భార్య బెస్ కలిసి నారగుడ్డ మీద పట్టుదారంతో చేపలను, పక్షులను, జంతువులను, తమ పేర్ల పొడి అక్షరాలను క్రాస్ స్టిచ్‌లో కుట్టారు. విడివిడిగా ఉన్న ఆ ఎనిమిది మూలల పలకలను, శిలువ ఆకారపు పలకలను తరువాతి కాలంలో ఆకుపచ్చ వెల్వెట్ మీద అమర్చి పెద్ద తెరలుగా కుట్టారు. ఇప్పుడవి నార్ఫోక్‌లోని ఆక్స్‌బరో హాల్‌లో ఉన్నాయి. ఆ చిన్న పలకలు విడివిడిగానే ఉండి ఉంటే నాలుగు వందల ఏళ్లలో ఎన్ని చేతులు మారి ఎన్ని మాయమయ్యేవో. ఒక వస్తువులో భాగమయ్యాయి కాబట్టి కలిసి నిలిచాయని నా నమ్మకం.

పంతొమ్మిదో శతాబ్దిలో బెర్లిన్ ఉన్ని పని యూరప్, అమెరికాలను ఊపేసింది. గళ్ల కాగితం మీద రంగులు వేసిన చార్టులు బెర్లిన్ నుంచి వచ్చేవి. మధ్యతరగతి స్త్రీలు వాటిని చూసి ఉన్నితో క్యాన్వాస్ మీద పూలు, చిలకలు, కుక్కపిల్లలు కుట్టేవారు. కుట్టేది ఇంట్లోనే అయినా వస్తువు చేసేది మాత్రం పనివాళ్లు. చెప్పుల పైభాగం కుట్టి చెప్పులు కుట్టేవాడికి ఇచ్చేవారు. కుర్చీ, పాదపీఠం గుడ్డలు కుట్టి కుర్చీలకు గుడ్డ వేసేవాడికి ఇచ్చేవారు. నిప్పుగూడు ముందు పెట్టే తెరలకు వడ్రంగి ఉండేవాడు. సన్న చిల్లులున్న అట్ట మీద సూక్తులు కుట్టి గోడకు తగిలించడమూ ఆ కాలపు అలవాటే. 1886లో తెరేజ్ ద దిల్‌మాంట్ వెలువరించిన కుట్టుపని విజ్ఞాన సర్వస్వం అలంకార కుట్లతో మొదలవలేదు. మొదటి అధ్యాయం సాదా కుట్టుపని, ఆ వెనకే చిరుగులు బాగుచేయడం. ముందు మడతలూ అంచులూ, ఆ తరువాతే పూలు అన్నట్టున్న ఆ వరస నాకు చాలా నచ్చుతుంది.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ వరస తిరగబడింది. జర్మనీలో 1877లో మొదలైన త్స్వైగార్ట్ సంస్థ నేసిన ఐదా గుడ్డలో గడులు కంటికి ఇట్టే కనబడతాయి. లెక్క తప్పే భయం తగ్గింది. గుడ్డ, దారాలు, సూది, చార్టు ఒకే పొట్లంలో దొరికే కిట్లు వచ్చాయి. పొట్లం మీది ఫొటోలో బొమ్మ అందమైన చట్రంలో ఉంటుంది, లోపల చట్రం మాత్రం ఉండదు. బొమ్మ ముందు తయారవుతుంది, దానికి తగిన వస్తువును తరువాత వెతుక్కోవాలి.

తెలుగునాట ఈ కుట్టు మ్యాటీ గుడ్డ మీద పెరిగింది. చాప అల్లికలాంటి నేత గల ఆ గుడ్డ, ఆరు పోగులున్న 8 మీటర్ల యాంకర్ దారపు లడి, గుడ్డను బిగువుగా పట్టే ఒక చెక్క రింగు ఉంటే చాలు. హంసల జంట, చిలకలు, పూలబుట్ట, ఇంగ్లీషు అక్షరాల్లో స్వాగతం చట్రంలో బిగిసి ముందుగదిలో వేలాడని వీధి ఒకప్పుడు అరుదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో టైలరింగు, ఎంబ్రాయిడరీకి లోయర్, హయ్యర్ గ్రేడు ప్రభుత్వ పరీక్షలు ఈనాటికీ జరుగుతున్నాయి. ఆ చదువులో టైలరింగూ ఎంబ్రాయిడరీ ఒకే పేరు కింద ఉండటం కేవలం సౌలభ్యం కోసం కాదు. ఒకటి లేకుండా రెండోది సగం పనే.

కత్తెర పెట్టేముందు లెక్క

ఫినిషింగ్ నిజానికి గుడ్డ కోసేటప్పుడే మొదలవుతుంది. ఐదా గుడ్డకు 'కౌంట్' అని ఒక కొలత ఉంది. అంగుళానికి ఎన్ని గడులో అదే కౌంట్. 11, 14, 16, 18 ఎక్కువగా వాడేవి. చార్టులో గడులను కౌంట్‌తో భాగిస్తే బొమ్మ కొలత అంగుళాల్లో వస్తుంది. 140 గడుల వెడల్పు, 112 గడుల ఎత్తు ఉన్న బొమ్మ 14 కౌంట్ మీద 10 అంగుళాలు, 8 అంగుళాలు అవుతుంది. అదే బొమ్మ 18 కౌంట్ మీద సుమారు 7.8, 6.2 అంగుళాలకు దిగుతుంది. పటం కట్టించాలంటే నాలుగు వైపులా మూడేసి అంగుళాల ఖాళీ గుడ్డ కావాలి. అంటే మొదటి బొమ్మకు 16 అంగుళాలు, 14 అంగుళాల గుడ్డ కోయాలి. చిన్న వస్తువులకు అంగుళంన్నర సరిపోతుంది. గుడ్డ పొదుపు చేద్దామని అంగుళం వదిలి కుట్టిన పని, చట్రం కట్టే రోజున అట్ట వెనక్కి మడవడానికి అందక ఏడిపిస్తుంది. అప్పుడు చుట్టూ వేరే గుడ్డ పట్టీలు అతకడం తప్ప దారి ఉండదు.

మ్యాటీ, ఐదా గుడ్డల అంచులు ఊరికే పోగులూడతాయి. కుట్టడం మొదలుపెట్టక ముందే అంచుకు మిషన్ మీద జిగ్‌జాగ్ వేయించాలి. చీరలకు ఫాల్, పీకో వేసే షాపులో ఇది ఐదు నిమిషాల పని.

వెనక వైపు కూడా ముందే చూసుకోవాలి. దారం మొదట్లో ముడి వేస్తే అది అట్ట మీద బిగించాక ముందుకు చిన్న గుబ్బలా పొడుచుకొస్తుంది. కొస దారాన్ని వెనక ఉన్న నాలుగైదు కుట్ల కింద నుంచి దూర్చి తెంపడమే పద్ధతి. నల్లదారం కొసలను తెల్ల ఖాళీల వెనకగా లాగితే ముందుకు నీడలా కనబడతాయి. పలచని గుడ్డ మీద ఈ తప్పు మరీ స్పష్టంగా తెలుస్తుంది.

నీళ్లు, ఇస్త్రీ

కుట్టిన గుడ్డ శుభ్రంగా కనిపించినా ఉతకాలి. చేతి జిడ్డు ఆ రోజు కనబడదు, ఏళ్లు గడిచాక గోధుమరంగు మరకగా తేలుతుంది. రింగు బిగించిన చోట గుండ్రని గీత కూడా ఉతికితేనే పోతుంది. గోరువెచ్చని నీళ్లలో ఘాటు లేని సబ్బు కలిపి, గుడ్డను అందులో కాసేపు ఉంచి, రుద్దకుండా చేత్తో మెల్లగా ఒత్తాలి. ఎర్రదారం రంగు వదిలితే గుడ్డను ఆరనివ్వకూడదు. రంగు కనబడకుండా పోయేదాకా చల్లని నీళ్లు మారుస్తూ జాడించాలి. తడి మీద ఉన్న రంగు వదులుతుంది, ఆరిన రంగు అంటుకుపోతుంది. పిండకూడదు. పొడి తువాలులో పరిచి, తువాలుతో సహా చుట్టి ఒత్తితే నీరంతా అదే పీల్చుకుంటుంది.

గీతలు గీసుకోవడానికి నీళ్లకు చెరిగే నీలిరంగు పెన్ను వాడి ఉంటే, ఆ గీతలు పూర్తిగా పోయాయని చూసుకున్నాకే ఇస్త్రీ పెట్టె తీయాలి. వేడి తగిలితే ఆ గీత శాశ్వతంగా నిలిచిపోవచ్చు. ఇస్త్రీకి మెత్తని తువాలు రెండు మడతలు వేసి, కుట్టిన ముఖం కిందికి వచ్చేలా పరిచి, వెనక నుంచి చేయాలి. కుట్లు తువాలు నూగులోకి దిగి ఉబ్బెత్తుగా మిగులుతాయి. ముందు నుంచి ఇస్త్రీ చేస్తే నలిగి చదునైపోతాయి.

చట్రంలోకి

పటం కట్టించడం అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉన్న ఫినిషింగ్. ఎక్కువ పనులు పాడయ్యేదీ అక్కడే. గాజు కట్టే షాపులో గుడ్డను అట్టకు జిగురుతో అతికించడం, లేదా చెక్కకు మేకులు కొట్టి బిగించడం మామూలు. కాగితానికి సరిపోయే ఆ పద్ధతి గుడ్డకు సరిపోదు. అందుకే బిగించే పని ఇంట్లో చేసుకుని, చట్రం మాత్రమే షాపులో వేయించుకోవడం మంచిదని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు.

దారంతో బిగించే పద్ధతికి లేసింగ్ అని పేరు. బూట్ల లేసు కట్టినట్టుగా అట్ట వెనక గుడ్డ రెండు అంచులనూ దారంతో అటూ ఇటూ లాగి కలపడమే ఇది. చట్రం లోపలి కొలత కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా, ఆమ్లం లేని గట్టి అట్టనో ఫోమ్ బోర్డునో కోయాలి. ఆ కొద్ది ఖాళీ గుడ్డ మందానికి కావాలి. అట్ట మీద పల్చని దూది పొర పరిస్తే వెనకనున్న దారపు కొసల ఎత్తుపల్లాలు అందులో కలిసిపోతాయి. దాని మీద గుడ్డ పరిచి, పై అంచు మధ్యలో ఒక గుండుసూది అట్ట మందంలోకి గుచ్చాలి. కింది అంచు మధ్యలో ఒకటి, పక్కల మధ్యల్లో ఒక్కొక్కటి. అక్కడ నుంచి మూలల వైపు అరంగుళానికొకటి చొప్పున గుచ్చుకుంటూ పోవాలి. ఈ దశలో స్కేలు కంటే గుడ్డ గడులనే నమ్మాలి. బొమ్మ అంచు నుంచి అట్ట అంచు దాకా ఎన్ని గడులున్నాయో పైన, కింద, నాలుగు చోట్ల లెక్కపెట్టాలి. ఒకచోట 21, ఒకచోట 23 వస్తే సూదులు తీసి మళ్లీ గుచ్చాలి. రెండు గడుల తేడా చేతిలో ఉన్నప్పుడు తెలియదు. చట్రం అంచు పక్కకు రాగానే బొమ్మ ఒరిగిపోయినట్టు కనబడుతుంది.

సూదులన్నీ కుదిరాక అట్టను బోర్లించి, తెగని గట్టి దారాన్ని ఉండ నుంచి తెంపకుండానే సూదికి ఎక్కించాలి. మధ్య నుంచి మొదలుపెట్టి ఒక మూల దాకా, తిరిగి మధ్య నుంచి రెండో మూల దాకా అంచుకూ అంచుకూ కుట్టుకుంటూ పోవాలి. మొదట వదులుగానే వేసి, చివరికి చేరాక ఒక్కో వరస దారాన్ని వేలితో లాగుతూ బిగువు సరిచూసి ముడి వేయాలి. తరువాత రెండో దిక్కు. మూలల్లో గుడ్డ ముద్దకట్టకుండా, కానుక పొట్లం మూల మడిచినట్టు మడిచి నాలుగు కుట్లు వేస్తే సరి. పని అయ్యాక గుండుసూదులు తీసేస్తారు. బిగువు సరిగా ఉంటే ముందువైపు గుడ్డను వేలితో మీటినప్పుడు డప్పు చర్మంలా గట్టిగా తగులుతుంది.

గాజు వేయిస్తే అది గుడ్డను తాకకూడదు. మౌంటు అట్ట అయినా, గాజు అంచున సన్నని పట్టీ అయినా మధ్యలో ఖాళీ ఉంచాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నంలాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం గాలిలోని తేమ గాజు లోపలి వైపు పడుతుంది. గుడ్డ దాన్ని ఆనుకుని ఉంటే బూజు చుక్కలు ఖాయం. గాజు లేకపోతే దుమ్ము. రెండిటిలో ఏది తక్కువ నష్టమో గదిని చూసి తేల్చుకోవాలి.

కుట్టడానికి వాడిన రింగునే చట్రంగా వాడటం ఈమధ్య బాగా పెరిగింది. గుడ్డను గుండ్రంగా కోసి, అంచున కచ్చా కుట్టు వేసి లాగితే వెనక్కి ముడుచుకుంటుంది. దాని మీద ఫెల్ట్ గుడ్డ వేసి చుట్టూ కుడతారు. తేలిక, చవక. లోపలి రింగుకు నూలు పట్టీ చుట్టుకుంటే చెక్క రంగు గుడ్డకు ఎక్కదు.

దిండ్లు, సూదిమెత్తలు

చేతికి తగిలే వస్తువుల్లో దిండు మొదటిది. కుట్టిన గుడ్డ వెనక, టైలర్లు కాలర్లకు వాడే, ఇస్త్రీ వేడికి అంటుకునే పల్చని క్యాన్వాస్ అతికిస్తే పోగులు ఊడవు. ఇక్కడ జిగురు తప్పదు. ఉతికి వాడే వస్తువు కాబట్టి ఒప్పుకోవచ్చు. వెనక గుడ్డను రెండు ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కేలా పెడితే జిప్పు లేకుండానే దిండు తీసి గలీబు ఉతుక్కోవచ్చు. మూలలను అచ్చంగా లంబకోణంలో కుడితే తిరగేసినప్పుడు కుక్క చెవుల్లా పొడుచుకొస్తాయి. మూల దగ్గర కుట్టును కొద్దిగా లోపలికి గుండ్రంగా తిప్పితే దిండు నిండుగా కనబడుతుంది. లోపలి దిండు గలీబు కంటే అంగుళం పెద్దది ఉండాలి.

చిన్న వస్తువుల్లో బిస్కోర్ను గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఫ్రెంచిలో ఆ మాటకు వంకరటింకర అని అర్థం. రెండు చదరపు గుడ్డలను మామూలుగా మూలకు మూల కలిపి కుడితే చదరపు సూదిమెత్త వస్తుంది. అలా కాకుండా ఒకదాని మూలను రెండోదాని అంచు మధ్యకు కలిపితే ఎనిమిది మూలల వింత ఆకారం వస్తుంది. బొమ్మ చుట్టూ రెండు గడులకొకటి చొప్పున బ్యాక్ స్టిచ్‌తో చదరం గీయాలి. వైపుకు 48 గడులు తీసుకుంటే 24 కుట్లు. 14 కౌంట్ మీద మూడున్నర అంగుళాలకు కొంచెం తక్కువ. 24 సరి సంఖ్య కాబట్టి మధ్య భాగం 12 కుట్ల తరువాత కచ్చితంగా దొరుకుతుంది. బేసి సంఖ్య వస్తే మధ్య ఒక కుట్టు మీద పడి లెక్క చెడుతుంది. గుడ్డలు కోశాక అంచులు లోపలికి మడిచి, పై గుడ్డ మూలను కింది గుడ్డ 12వ కుట్టు దగ్గర ఆనించి, సూదిని గుడ్డలోకి గుచ్చకుండా బ్యాక్ స్టిచ్‌ల కింద నుంచి మాత్రమే దూర్చుతూ కుట్టుకు కుట్టు జత చేయాలి. 12 జతలు కాగానే కింది గుడ్డ మూల వస్తుంది. అక్కడ గుడ్డ తిరగనని మొండికేసినట్టు అనిపిస్తుంది. బలవంతం చేయకుండా మూలను వేలితో మడిచి, లెక్క తప్పకుండా తరువాతి కుట్టుకు వెళ్లాలి. ఇంకో 12 జతలకు పై గుడ్డ మూల. ఇలా 96 జతల్లో చివరి పది ఉండగా ఆపి, పాలియెస్టర్ దూదో బూరుగు దూదో కూరి, మిగతావి మూసేస్తారు. రెండు పేటల దారంతో మధ్యలో అటూ ఇటూ రెండుసార్లు లాగి, పైన ఒక గుండీ, కింద ఒక గుండీ కడితే మధ్య గుంటపడి, మూలలు ఒకటి పైకీ ఒకటి కిందికీ లేస్తాయి. అంతసేపూ చేతిలో చదునుగా ఉన్న రెండు గుడ్డలు ఆ ఒక్క లాగుతో ఆకారం తెచ్చుకుంటాయి.

అంచులు, కుచ్చులు, వేలాడేవి

రెండు అట్టలకు విడివిడిగా గుడ్డ బిగించి, వెనకా వెనకా కలిపి చుట్టూ కుట్టి, తాడు అంటించే చదునైన వేలాడే బొమ్మలు క్రిస్మస్ చెట్టు కోసం పుట్టినవి. కలిసిన చోటును దాచే తాడును అదే రంగు దారంతో ఇంట్లో పేనుకోవచ్చు. కావలసిన పొడవుకు మూడింతలు దారం తీసుకుని, ఒక కొస తలుపు గడియకు కట్టి, రెండో కొసను పెన్సిలుకు కట్టి, వదులు చేస్తే ముడుచుకుపోయేంత పురి ఎక్కించాలి. మధ్యలో పట్టుకుని రెండు కొసలూ కలిపితే అది తనంతట తానే మెలితిరిగి తాడవుతుంది. మొలతాడు పేనడం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అలాగే చీర కొంగుకు కుచ్చులు కట్టే చేతులకు బుక్‌మార్క్ కొసన కుచ్చు కట్టడం క్షణాల పని. లంబాడీ స్త్రీలు సంచుల అంచులకు గవ్వలు, కుచ్చులు కుట్టే తీరు చూస్తే అంచు కూడా బొమ్మంత ముఖ్యమని తెలుస్తుంది. క్రాస్ స్టిచ్ టేబుల్ గుడ్డకు నరసాపురం లేసు అంచు కుట్టడం కూడా బాగా పొసిగే జోడి. క్రోషియాతో అల్లిన ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు ఉంది.

డెన్మార్క్‌లో పొడవాటి సన్నని గోడ పట్టీలు ప్రసిద్ధం. పనివాళ్లను పిలవడానికి గంటకు కట్టిన పట్టీని లాగే పాత ఇళ్ల అలవాటు నుంచి వచ్చిన ఆకారం అది. పైనా కిందా ఇత్తడి కడ్డీలు దూర్చి వేలాడదీస్తారు. 1928లో ఏర్పడిన డేనిష్ హస్తకళల సంఘం హాండార్‌బైడెట్స్ ఫ్రెమ్మె ఆదరణలో గెర్డా బెంగ్ట్సన్ గీసిన అడవిపూల నమూనాలు ఈ తరహాకు పేరు తెచ్చాయి. మన ఇళ్లలో గుమ్మానికి కట్టే తోరణం దీనికి అడ్డంగా తిప్పిన చుట్టమే. మామిడాకు ఆకారంలో కోసి, వెనక లైనింగు వేసి, ఒక్కో ఆకు కొసన పూస కడితే క్రాస్ స్టిచ్‌కు అంతకంటే తగిన చోటు తెలుగు ఇంట్లో ఇంకోటి నాకు కనబడదు.

పెట్టె మూతలు, సీసా మూతలు, టీ కప్పుల కింద పెట్టే పారదర్శక బిళ్లలు, కిటికీ కోసిన గ్రీటింగు కార్డులు తయారుగానే దొరుకుతాయి. వాటిలో గుడ్డను కొలతకు కోసి అమర్చడమే పని.

గడులు లేని గుడ్డ మీద, రవిక చేతి మీదనో పిల్లల గౌను మీదనో, కుట్టాలంటే వేస్ట్ క్యాన్వాస్ అనే గళ్ల గుడ్డను పైన కచ్చా కుట్టుతో అతికి, రెండిటినీ కలిపి కుడతారు. అయ్యాక నీళ్లతో తడిపితే క్యాన్వాస్ గంజి కరిగి మెత్తబడుతుంది. అప్పుడు పట్టకారుతో ఒక్కో పోగునూ కుట్ల కింద నుంచి లాగేయాలి, ముందు ఒక దిక్కువన్నీ, తరువాత రెండో దిక్కువి. ఆఖరి పోగు జారిపోయేసరికి బొమ్మ గుడ్డ మీద తానే పుట్టినట్టు నిలుస్తుంది. ఇక్కడ మళ్లీ పాత వరసే: వస్తువు ముందు, కుట్టు తరువాత.

విప్పగలిగేలా బిగించడం

కుట్టిన గుడ్డకు శత్రువులు నాలుగు: వెలుగు, తేమ, ఆమ్లం, జిగురు. ఎండ నేరుగా పడే గోడ మీద గులాబీ, ఊదా రంగులు వెలిసిపోతాయి. చవక అట్టలోనూ ప్లైవుడ్‌లోనూ ఉన్న ఆమ్లం గుడ్డకు పాకి, చట్రం వెంబడి టీ డికాషన్ రంగు పట్టీ గీస్తుంది. పాత పటాలు విప్పి చూస్తే ఆ చెక్క ముక్కల జాడలు అచ్చంగా అచ్చుపడి ఉంటాయి. వెలిసిన రంగు తిరిగి రాదు కానీ, తేమ, ఆమ్లం చేసిన నష్టాన్ని కొంతవరకు సరిచేయవచ్చు. జిగురును కాదు. అది కాలంతో పచ్చబడి, గట్టిపడి, నేతలోకి ఇంకిపోతుంది. ఉతుకుదామన్నా గుడ్డ అట్టను వదలదు.

అందుకే మ్యూజియాల్లో వస్త్రాలు సంరక్షించేవాళ్లు వీలైనంతవరకు తరువాత విప్పగలిగే పద్ధతినే ఎంచుకుంటారు. ఇంటి పనికీ ఇదే కొలమానం కావాలని నా అభిప్రాయం. లేసింగ్ చేసిన పటం ఇరవై ఏళ్ల తరువాత మాసిపోతే వెనక దారం కత్తిరించి, గుడ్డ ఉతికి, కొత్త అట్టకు ఒక మధ్యాహ్నంలో మళ్లీ బిగించవచ్చు. తోరణం లైనింగు చీకిపోతే మార్చవచ్చు. పాలస్తీనా అంగీ పలక చేసిందీ ఇదే. అంటుకునే అట్టల మీద గంటలో అయిపోయే పనికి ఆకర్షణ ఉంది, అది నిజమే. కానీ మూడు నెలల కుట్టుకు ఒక్క గంట మిగల్చుకోవడం కోసం దాని ఆయుష్షును తాకట్టు పెట్టడం సరైన బేరం కాదు.

పని మూసేముందు వెనక ఒక చిన్న నూలుపట్టీ కుట్టే అలవాటు మంచిది. కుట్టినవారి పేరు, ఏడాది, ఎవరి కోసం కుట్టారో, దారాల రంగు నంబర్లు. ఇంకు పెన్నుతో రాస్తే గుడ్డకు పాకుతుంది; ఒకే పోగు దారంతో కుట్టడం మేలు. జేన్ బోస్టాక్ తన పేరును, ఆ పాప పుట్టిన తేదీని ముందువైపే కుట్టింది కాబట్టే నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఆ గుడ్డ ఎవరిదో మనకు తెలుస్తోంది. మన ముందుగదుల్లోని హంసల పటాలను ఎవరు కుట్టారో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్న ఇళ్లలో, పటాన్ని దించి వెనక అట్ట విప్పి, ఆ పట్టీ ఇప్పుడైనా కుట్టవచ్చు.